ఎంత జాగాలోంచి?

విద్యుత్ ప్రవాహ సాంద్రత పాఠం మొదలుపెట్టే రోజున నేను బోర్డు మీద సూత్రం రాయను. కాలి నల్లబడిన గీజరు ప్లగ్గు ఒకటి పిల్లల చేతికిస్తాను. రెండు వేల వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్లకు కాస్త తక్కువే లాగుతుంది. గోడలోని వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది. అంటే చదరపు మిల్లీమీటరుకు మూడున్నర ఆంపియర్లు; ప్రవాహ సాంద్రత అంటే ఈ లెక్కే. వైరుకు అదేమంత భారం కాదు. మరి అదే కరెంటు పిన్ను దగ్గర ప్లాస్టిక్‌ను ఎలా కరిగించింది?

పిన్ను నున్నగా కనిపిస్తుంది గానీ, సాకెట్టులోని రేకును అది నిజంగా తాకేది కొన్ని సూక్ష్మమైన చుక్కల దగ్గరే. రేకు పట్టు సడలితే ఆ చుక్కలూ తగ్గుతాయి. కరెంటు మాత్రం తగ్గదు, మిగిలిన ఆ కాస్త చోటులోంచే మొత్తం దూరాలి. సాంద్రత రెట్టింపైతే ఆ లోహంలో అంతే మేరలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. వేడికి లోహం తుప్పు పొర కట్టి, తాకే చోటు ఇంకా కుంచించుకుపోతుంది. ఇంత జరుగుతున్నా మీటరు చూపేది ఆ తొమ్మిదే. అందుకే ఎవరైనా ఇన్ని ఆంపియర్లు అనగానే ‘ఎంత జాగాలోంచి?’ అని అడగమంటాను. సిలబస్‌లో ఒక్క పేరాతో దాటేసే ఈ సంగతి దగ్గర కావాలనే ఎక్కువసేపు ఆగుతాను. ఇల్లు కాలకుండా ఆపగలిగే పాఠాలు ఫిజిక్సులో ఎన్నో లేవు.

ఇదే సాంద్రతను లోహం లోపలి నుంచి చూద్దాం. రాగిలో ఘనమీటరుకు సుమారు 8.5×10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లుంటాయి. అంత జనం ఉన్నారు కాబట్టే చదరపు మిల్లీమీటరుకు పది ఆంపియర్లు పంపినా, ఒక్కొక్కటి సగటున సెకనుకు ముప్పావు మిల్లీమీటరు కూడా జరగదు.

సిలికాన్ సంగతి వేరు. శుద్ధ సిలికాన్‌లో ఘన సెంటీమీటరుకు 5×10²² పరమాణువులుంటే, గది ఉష్ణోగ్రత దగ్గర కదిలే ఎలక్ట్రాన్లు సుమారు 10¹⁰ మాత్రమే. యాభై లక్షల పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువు చేరిస్తే ఆ ఎలక్ట్రాన్లు పది లక్షల రెట్లు పెరుగుతాయి! ఏ ఏటి పిల్లలకైనా ఈ లెక్క చూపిస్తూ నేనూ కొత్తగా ఆశ్చర్యపోతాను. వేడికి రాగి, సిలికాన్ స్పందించే తీరూ వేరే. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. సిలికాన్‌తో చేసిన బైపోలార్ ట్రాన్సిస్టరులో మాత్రం వేడెక్కిన మూల ఇంకా ఎక్కువ కరెంటును తనవైపు లాక్కుంటుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. మొత్తం కరెంటు హద్దులోనే ఉన్నా పరికరం ఆ మూలన చచ్చిపోతుంది.

చిప్పు లోపలి లోహపు గీతల్లో సాంద్రత చదరపు మిల్లీమీటరుకు వేల ఆంపియర్లకు చేరుతుంది. కింది సిలికాన్ వేడిని లాగేయడం వల్ల అవి కరగవు. అయితే ఎలక్ట్రాన్ల తాకిడికి లోహ పరమాణువులే మెల్లగా జరిగి, చివరికి గీత తెగుతుంది. సాంద్రత పెరిగితే గీత ఆయుష్షు దాని వర్గానికి విలోమంగా తగ్గుతుందని 1960ల చివర్లో జేమ్స్ బ్లాక్ చూపాడు. 1997లో ఐబీఎం అల్యూమినియం బదులు రాగి గీతలున్న చిప్పులను ప్రకటించింది. రాగి నిరోధం తక్కువ, దాని పరమాణువులు అంత తేలిగ్గా కదలవు. తరం మారేకొద్దీ గీతలు ఇంకా సన్నబడుతున్నాయి గనక ఇంజినీర్లు ఆ ఆయుష్షు లెక్కను మళ్లీ మళ్లీ వేసుకోవాల్సిందే.