రిపోర్టు వచ్చేదాకా

2016లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక ఆట ఆడించారు. తెర మీద రాళ్లు కనిపిస్తుంటాయి. ఏ రాయి కింద పాముందో ఊహించాలి. పాము ఉందా, చేతికి నొప్పి పుట్టేలా కరెంటు షాక్ తగులుతుంది. ఊహ నిజమైనా, తప్పైనా షాక్ మాత్రం తప్పదు. ఆట నడుస్తున్నంతసేపూ వాళ్లకు ఎంత చెమట పడుతోందో, కంటిపాపలు ఎంత విప్పారుతున్నాయో కొలిచారు. షాక్ తగిలి తీరుతుందని తెలిసినప్పటికంటే, తగలొచ్చు, తగలకపోవచ్చు, సగానికి సగం అన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా ఉంది.

మోషన్‌లో రక్తం చూసి, డాక్టరు దగ్గరికెళ్లి, ‘కొలనోస్కోపీ చేద్దాం, గొట్టం పంపి పెద్దపేగు లోపల చూస్తాం, వచ్చేవారం రండి’ అనిపించుకుని ఇంటికొచ్చిన మనిషి బతికేది ఆ సగంలోనే. నిజానికి లెక్క సగానికి సగం కాదు. రక్తం పడటానికి ఎక్కువసార్లు కారణం మొలలో, ఫిషరో, పేగు ఇన్‌ఫెక్షనో అయ్యుంటుంది. మన దేశంలో అమీబియాసిస్‌నీ, పేగుకు వచ్చే టీబీనీ కూడా డాక్టర్లు మర్చిపోరు. క్యాన్సర్ అనుమానంతో పరీక్షకు వచ్చినవాళ్లలోనూ అది లేదని తేలేవాళ్లే చాలా ఎక్కువ. కానీ భయపడిన మనసు అవకాశాలను లెక్కపెట్టదు. ఉంది, లేదు అనే రెండు జవాబులను మాత్రమే చూస్తుంది. రెండు జవాబులు కాబట్టి సగం సగం అనుకుంటుంది.

ఆ వారం రోజులు ఎలా గడపాలో ఎవరూ నేర్పరు. మందుల చీటీలో రాసి ఉండదు. అయినా అదీ సాధన చేస్తే పట్టుబడే పనే.

మన ఊళ్లలో ఈ ఎదురుచూపు డాక్టరు దగ్గర కాకుండా వంటింట్లో మొదలవుతుంది. రక్తం కనిపించగానే ఇంట్లో వచ్చే మొదటి మాట ‘వేడి చేసింది’. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ. తగ్గకపోతే మెడికల్ షాపులో ఆయింట్‌మెంటు. అప్పటికీ తగ్గకపోతే, బస్టాండు గోడల మీద ‘మొలలు, ఫిస్టులా, ఆపరేషన్ లేకుండా’ అని రాసి ఉన్న బోర్డు గుర్తొస్తుంది. గుండెదడ వస్తే పక్కింటివాళ్లకైనా చెప్పే మనిషి, ఇది కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పడు. సిగ్గుతో నెలలు గడుస్తాయి. చెప్పుకోలేని చోట వచ్చిన జబ్బు కాబట్టి భయం కూడా చెప్పుకోలేనిదిగా లోపలే పెరుగుతుంది. అందుకే డాక్టరు ముందు నోరు విప్పగలిగిన మనిషి అప్పటికే కష్టమైన పని ఒకటి పూర్తి చేసినట్టే.

ఇక పొట్ట విషయం. భయం నేరుగా తగిలేది అక్కడే. అమెరికాలోని హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి 1890ల చివర్లో పిల్లులకు బిస్మత్ కలిపిన తిండి పెట్టి, అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్‌రేతో వాటి జీర్ణాశయం కదలికలు చూశాడు. పిల్లి బెదిరినా, చిరాకుపడినా ఆ కదలికలు ఆగిపోయేవి. అది శాంతించాక మళ్లీ మొదలయ్యేవి. అయితే మనిషిలో ఒత్తిడి పెద్దపేగును మాత్రం తొందరపెడుతుంది. పరీక్ష హాలుకు వెళ్లే పిల్లలకు పొద్దున్నే మూడుసార్లు మోషన్ అవడం ఏ ఇంట్లో తల్లికైనా తెలిసిన సంగతే. కొలనోస్కోపీ తేదీ దగ్గరపడే కొద్దీ కడుపు మెలిపెట్టడం, గ్యాసు, విరేచనాలు ఎక్కువైతే అవన్నీ జబ్బు ముదిరిందనడానికే గుర్తులు కానక్కరలేదు. భయం పేగును కదిలిస్తుంది, ఆ కదలిక మళ్లీ భయాన్ని పెంచుతుంది. అయితే రక్తాన్ని భయం పుట్టించదు. హిమోగ్లోబిన్ పడిపోవడం ఒత్తిడి పని కాదు. ‘అంతా టెన్షన్ వల్లే’ అని ఎవరైనా పరీక్ష మానిపించబోతే ఆ మాట వినకూడదు.

ఎదురుచూసే ఈ రోజుల్లో నేర్చుకోవాల్సిన ముఖ్యమైన పని, గమనించడానికీ వెతకడానికీ మధ్య గీత గీసుకోవడం. గమనించడం డాక్టరుకు పనికొస్తుంది. వెతకడం భయానికి మేత వేస్తుంది.

గమనించడానికి మంచి పనిముట్టు ఒకటుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో లూయిస్, హీటన్ అనే ఇద్దరు వైద్యులు మలాన్ని దాని రూపాన్ని బట్టి ఏడు రకాలుగా విభజించి 1997లో ఒక పట్టిక ప్రచురించారు. మేక పెంటికల్లా గట్టిగా విడివిడిగా ఉంటే 1. నున్నగా, మెత్తగా ఉంటే 4. పూర్తిగా నీళ్లయితే 7. ఈ పట్టిక ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలో ఉంది. దీని గొప్పతనం, చెప్పుకోవడానికి ఇబ్బందిపడే విషయాన్ని ఒక అంకెగా మార్చడం. ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, అంకె, రక్తం ఉందా లేదా, ఉంటే ఎర్రగా పైన అంటుకుని ఉందా, లోపల కలిసిపోయి ఉందా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వచ్చిందా అన్నది రాస్తే చాలు. రోజుకు ఒక్కసారి, రెండు లైన్లు. పుస్తకం మూసేయాలి. ముందురోజు బీట్‌రూట్ కూర తింటే ఎర్రగా, ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే నల్లగా రావచ్చు కాబట్టి అవీ రాసుకోవాలి. డాక్టరుకు ఆ పేజీ చూపిస్తే, గంటసేపు తడబడుతూ చెప్పేదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

వెతకడం దీనికి పూర్తిగా వేరు. పొద్దున లేవగానే పొట్ట నొక్కి చూసుకోవడం, గడ్డేమైనా తగులుతుందేమోనని మళ్లీ నొక్కడం, నొక్కినచోట నొప్పి పుడితే ఆ నొప్పిని లక్షణాల్లో కలిపేసుకోవడం. రోజుకు నాలుగుసార్లు బరువు చూసుకుని, ఒంట్లో నీరు తగ్గినందుకు తేలిన అరకిలోను బరువు తగ్గడమని భయపడటం. రాత్రి ఒంటిగంటకు ఫోన్‌లో లక్షణాలు టైపు చేయడం. ఇందులో ఒక్కటీ డాక్టరుకు అక్కరలేదు, పరీక్ష ఫలితాన్ని మార్చదు.

వెతకడంలో ఇంకో రకం ఉంది. అది ఇంట్లోవాళ్ల నోటితో జరుగుతుంది. ‘ఏమండీ, ఇదేం కాదు కదా?’ ‘ఏం కాదులే, ఊరికే భయపడకు.’ మనసు తేలికపడుతుంది. గంట తర్వాత అదే ప్రశ్న, అదే జవాబు. రెండోసారి ఆ తేలిక అరగంటే ఉంటుంది. బ్రిటన్ మనస్తత్వవేత్త పాల్ సాల్కోవ్‌స్కిస్, సైకియాట్రిస్టు హిలరీ వార్విక్ 1980ల్లోనే ఈ సంగతి వివరించారు. పదేపదే భరోసా అడగడం భయాన్ని తగ్గించకపోగా నిలబెడుతుందని వాళ్లు చెప్పారు. అలాగని ఇంట్లోవాళ్లు మొహం చాటేయాలని కాదు. ‘భయంగా ఉంది కదూ? నాకూ ఉంది. శుక్రవారం వెళ్తున్నాంగా. పద, రైతు బజారుకెళ్లొద్దాం’ అనొచ్చు. అందులో అబద్ధం లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడమూ లేదు. భయం మాత్రం ఇద్దరిదీ అయింది. ఏ ఇంట్లోనైనా ఆ మాట అనగలిగే మనిషి ఒకరుంటే అదే పెద్ద మందు.

ఇవన్నీ మంచి మాటలు మాత్రమేనా, పనిచేస్తాయా? ఇంగ్లండ్‌లో పీటర్ టైరర్ బృందం గుండె, నరాలు, ఊపిరితిత్తులు, హార్మోన్లు, జీర్ణకోశ విభాగాలకు వచ్చే రోగుల్లో ఆరోగ్యం గురించి విపరీతంగా భయపడే 444 మందిని తీసుకుని పరీక్షించింది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దాంతోపాటు కొన్ని విడతల కౌన్సెలింగ్, అదీ ఈ వెతుకులాటను గుర్తుపట్టి తగ్గించుకునే పద్ధతిలో. 2014లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఫలితాల్లో రెండో గుంపువాళ్ల భయం స్పష్టంగా తగ్గింది. వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లూ ఉన్నారన్నది ఇక్కడ ముఖ్యం. జబ్బు లేదని తేలితేనే భయం తగ్గాలన్న నియమం లేదన్నమాట.

పెన్సిల్వేనియాలో థామస్ బోర్కొవెక్ అనే మనస్తత్వవేత్త 1983లో ఇంకో పద్ధతి ప్రతిపాదించాడు. దిగులుపడటానికి రోజులో ఒక సమయం, ఒక చోటు పెట్టుకోవాలి. అరగంట. మిగతా వేళల్లో దిగులు వస్తే ‘సాయంత్రం చూద్దాం’ అని వాయిదా వేయాలి. సాయంత్రం టీ తాగాక, డాబా మీద, ఆ అరగంటా నిజంగానే దిగులుపడాలి. పడుకునే ముందు మాత్రం వద్దు. వినడానికి విచిత్రంగా ఉన్నా ఇందులో భయానికి ఒక మర్యాద దక్కుతుంది. దాన్ని తరిమేయరు, నెత్తిన పెట్టుకోరు.

అన్నిటికంటే ఊరటనిచ్చే పని కాలిఫోర్నియాలో జరిగింది. కేట్ స్వీనీ అనే పరిశోధకురాలు లాయర్ల పరీక్ష రాసి ఫలితాల కోసం నాలుగు నెలలు ఎదురుచూసే పట్టభద్రులను వెంటబడి అడిగింది. కొందరు ఆశతో, కొందరు గట్టి గుండెతో, కొందరు ముందే ఓటమికి సిద్ధపడుతూ గడిపారు. ఏ ఉపాయమూ ఆందోళనను నమ్మకంగా తగ్గించలేదు. పైగా ఎదురుచూసినన్నాళ్లూ బాగా ఆందోళన పడ్డవాళ్లే చెడు ఫలితం వచ్చినప్పుడు తర్వాతి పనికి త్వరగా పూనుకున్నారు, మంచి ఫలితం వస్తే ఎక్కువ సంతోషించారు. కాబట్టి ‘ధైర్యంగా ఉండలేకపోతున్నాను’ అని ఎవరూ తమను తాము చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఆ తర్వాతి పరిశోధనల్లో స్వీనీ బృందానికి కొంత మేలు చేసేదొకటి కనిపించింది. ఒళ్లు మరిచి చేసే పని. టీవీ ముందు కూర్చుంటే మనసు పక్కదారి పడుతుంది. చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేసే పెద్ద ముగ్గు, మగ్గం పని, చదరంగం, పిల్లలకు లెక్కలు చెప్పడం లాంటివైతే చేతినీ బుద్ధినీ కలిపి పట్టుకుంటాయి. ఎవరి పని వాళ్లకు తెలుసు.

ఈ ఓర్పుకు ఒక హద్దు ఉంది. రక్తం ధారగా పోతున్నా, తారులా నల్లగా, జిగటగా మోషన్ అవుతున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా, తీవ్రమైన నొప్పితో వాంతులై గ్యాసు కూడా పోకుండా పొట్ట ఉబ్బినా తేదీ కోసం ఆగకూడదు. అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు పెరుగుతుంటే ఫోన్ చేసి తేదీ ముందుకు జరపమని అడగడంలో తప్పు లేదు. ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువాళ్లను క్యాన్సర్ అనుమానంతో అత్యవసరంగా పంపితే, 28 రోజుల్లోపు ఉందో లేదో చెప్పాలన్న ప్రమాణమైనా ఉంది. ఇక్కడ హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ప్రైవేటులో కొద్ది రోజుల్లోనే చేస్తారు. చాలా ఇళ్లలో క్యూ కంటే డబ్బు సర్దుకోవడమే ఎక్కువ రోజులు తింటుంది. ఆ రోజుల్లో కాస్త నిబ్బరాన్నిచ్చే విషయం ఒకటుంది. పెద్దపేగు గోడ మీద మొలిచే పాలిప్ అనే చిన్న కండ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది, పదేళ్ల వరకూ పట్టొచ్చు. పరీక్షకు కట్టుబడి ఉన్నంతవరకూ ఒక వారం అటూ ఇటూ అయినందుకు నిద్ర పోగొట్టుకోనక్కరలేదు.

పరీక్ష గురించిన భయం వేరే. అమెరికా టీవీ యాంకర్ కేటీ కూరిక్ భర్త జే మోనహన్ 1998లో పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. వయసు 42. 2000 మార్చిలో ఆమె తన కొలనోస్కోపీని టీవీలో దేశమంతటికీ చూపించింది. తర్వాత జరిపిన అధ్యయనంలో, ఒక్కో డాక్టరు నెలకు చేసే కొలనోస్కోపీలు సగటున 15 నుంచి 18కి పెరిగినట్టు తేలింది. తెలిసిన ముఖం ఒకటి ఆ బల్ల మీద పడుకోవడంతో చాలామందికి ఆ పరీక్ష మీదున్న బెరుకు కొంత వదిలింది.

పరీక్ష గదిలో జరిగేదానికంటే ముందురోజు రాత్రే కష్టం. ఒకట్రెండు రోజుల ముందునుంచి ఆకుకూరలు, జామపండ్లు, పీచున్నవన్నీ మానేసి మెత్తటి తెల్లన్నం, పెరుగు. తర్వాత కొబ్బరినీళ్లు, తేటనీళ్లు. ఆపైన నీళ్లలో కలిపిన మందుపొడి, లీటర్ల కొద్దీ. చల్లగా తాగితే కొంచెం సులువు. షుగరు మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఐరన్ వేసుకునేవాళ్లు ఏది ఎప్పుడు ఆపాలో ముందే అడగాలి.

‘మా బాబాయి చేయించుకున్నాడు, నరకం’ అనే చుట్టాలు తప్పకుండా ఉంటారు. 1990ల్లో టొరంటోలో రెడెల్‌మైయర్, కానెమన్ అనే పరిశోధకులు 154 మందిని కొలనోస్కోపీ జరుగుతుండగా నిమిషానికోసారి నొప్పి ఎంతుందో అడిగి రాసుకున్నారు. తర్వాత గుర్తుచేసుకోమంటే, వాళ్ల జ్ఞాపకం పరీక్ష ఎంతసేపు పట్టిందన్నదాని మీద ఆధారపడలేదు. అన్నిటికంటే ఎక్కువ నొప్పి పుట్టిన క్షణం, చివరి నిమిషాల్లో ఉన్న నొప్పి మాత్రమే లెక్కలోకి వచ్చాయి. బాబాయి అబద్ధం చెప్పడం లేదు, తనకు గుర్తున్న ఆ ఒక్క క్షణాన్నే చెబుతున్నాడు. ఇప్పుడు చాలాచోట్ల మత్తిచ్చి చేస్తున్నారు. గొట్టం లోపల ఉండేది సుమారు అరగంట. చిన్న పాలిప్ కనిపిస్తే చాలాసార్లు అక్కడికక్కడే తీసేస్తారు.

మత్తిచ్చాక డాక్టరు చెప్పిన మాటలు రోగికి గుర్తుండకపోవచ్చు. తల ఊపుతూ విన్న మనిషే ఇంటికొచ్చాక ‘ఏం చెప్పారు?’ అని అడుగుతాడు. అందుకే తోడు వెళ్లిన అల్లుడో, చెల్లెలో డాక్టరు గదిలోకి వెళ్లి వినాలి, కాగితం మీద రాసుకోవాలి. లోపల ఏం కనిపించింది, పరీక్షకు ముక్క ఏమైనా తీశారా, బయాప్సీ రిపోర్టు ఏ రోజుకు వస్తుంది, ఆ రోజు ఎవరికి ఫోన్ చేయాలి, రిపోర్టు తేలే దాకా తినకూడనివేమైనా ఉన్నాయా. ముక్క తీసి ఉంటే మరో వారం ఎదురుచూపు మొదలవుతుంది. అప్పుడు రిపోర్టు నేరుగా రోగి ఫోన్‌కే రావాలా, ముందు ఇంట్లో ఇంకొకరు చదవాలా అన్నది రోగినే అడిగి ముందుగా తేల్చుకుంటే మంచిది.