రాస్ప్‌బెర్రీ పై గ్రాఫిక్స్ డ్రైవరు: ఒక విమర్శ

యంత్రము పనిచేయుచున్నదా లేదా యను ప్రశ్నతోనే సాధారణముగ దాని పరీక్ష ముగియును. కాని అది చెడినపుడు బాగుచేయగల వారెవరు, ఎంతకాలము బాగుచేయగలరు అను ప్రశ్న అంతకంటె ముఖ్యమైనది. విద్యార్థుల కొరకు నిర్మింపబడిన ఒక చిన్న కంప్యూటరు విషయమున ఈ రెండవ ప్రశ్న స్పష్టముగ తలయెత్తినది.

బ్రిటనులో రూపొందిన రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29వ తేదీన విక్రయమునకు వచ్చెను. అరచేతిలో ఇమిడెడు బోర్డు. వెల 35 డాలర్లు. దానిలోని బ్రాడ్‌కామ్ చిప్పునందు ముఖ్యముగ రెండు భాగములు గలవు. లినక్స్‌ను నడుపు ఆర్మ్ ప్రాసెసరు మొదటిది. తెరమీది బొమ్మలను గీయునది రెండవది. దాని పేరు వీడియోకోర్ 4. వీడియోకోర్‌కు లినక్స్ భాష తెలియదు. రెండింటి నడుమ దుబాసీ యొకడు కావలెను. ఆ దుబాసీయే గ్రాఫిక్స్ డ్రైవరు.

లినక్స్‌లో ఈ డ్రైవరు రెండు ముక్కలుగ నుండును. ఒకటి కెర్నెల్ లోపల నుండి మెమరీని పంచి, పనులను వరుసలో నిలుపును. రెండవది మెసా యను లైబ్రరీ. ఒక ఆటయో, పటమో కోరిన బొమ్మను ఇది గ్రాఫిక్స్ భాగమున కర్థమగు ఆజ్ఞలుగ మార్చును. వీనిలో ఒకటి సరిగా కుదరకున్నను తెర వెలుగవచ్చును. కాని బొమ్మలోని ప్రతి చుక్కను ఆర్మ్ ప్రాసెసరే లెక్కించి గీయవలసి వచ్చును. జిఎల్‌ఎక్స్‌ఇన్ఫో అను ఆజ్ఞ ఇచ్చినపుడు ఎల్‌ఎల్‌విఎమ్‌పైప్ అను పేరు కనబడినచో జరుగుచున్నది అదియే యని గ్రహింపవలెను. తెర వెలిగినది గదా యని తృప్తిపడు వారిని ఈ స్థితి సులభముగ మోసగించును.

మొదటి దినములలో ఈ బోర్డునకు బొమ్మ గీయు విద్య యంతయు వీడియోకోర్ లోపల నడుచు, సోర్సు కోడు వెలువడని ప్రోగ్రాములో దాగి యుండెను. 2012 అక్టోబరులో ఆర్మ్ వైపు నడుచు కోడును నిర్మాతలు బయటపెట్టి, డ్రైవరు పూర్తిగ తెరవబడినదని ప్రకటించిరి. లినక్స్ గ్రాఫిక్స్ విభాగ నిర్వాహకుడైన డేవ్ ఎయిర్లీ దీని నంగీకరింపలేదు. ఆయన ఆక్షేపణ న్యాయమైనదే. బయటపడిన కోడు చేయు పని, కోరికలను మూటగట్టి లోపలికి పంపుట మాత్రమే. కచేరీలో అర్జీలు మోయు బంట్రోతు చిట్టాను చదివినంత మాత్రమున, లోపలి అధికారి తీర్పు ఎట్లు వ్రాయుచున్నాడో తెలియదు గదా! తీర్పులో తప్పు దొరలినచో దిద్దుటకును వీలులేదు. ఆ చర్య వ్యర్థమనుట మాత్రము సరికాదు. ఇతర ఆపరేటింగ్ వ్యవస్థలకు ఆ కోడును మలచుకొను అవకాశము కలిగెను. మేలు కొంత జరిగినది. పెట్టిన పేరు మాత్రము దానికి మించినది.

ఈ లోపము 2014లో చాలవరకు తీరినది. ఆ యేడు ఫిబ్రవరి 28న బ్రాడ్‌కామ్ సంస్థ వీడియోకోర్ 4 గ్రాఫిక్స్ భాగము లోపలి నిర్మాణమును వివరించు చేతిపుస్తకమును ప్రకటించెను. ఆ కోవకే చెందిన ఫోను చిప్పు యొక్క గ్రాఫిక్స్ కోడును గూడ వెలువరించెను. క్వేక్ 3 అను ఆటను తెరచిన డ్రైవరుతో ఈ బోర్డుపై మొదట నడిపినవారికి 10,000 డాలర్ల బహుమానము ప్రకటింపబడెను. ఆ యేటనే అది గెలువబడెను. ఇంటెల్‌లో లినక్స్ గ్రాఫిక్స్ పని చేసిన ఎరిక్ ఆన్‌హోల్ట్ అదే సంవత్సరమున బ్రాడ్‌కామ్‌లో చేరి, విసి4 అను క్రొత్త డ్రైవరును వ్రాసెను. 2016 జనవరిలో వెలువడిన లినక్స్ 4.4లో దానికి స్థానము లభించినది. మొదట దానిని కోరువారు కాన్ఫిగ్ ఫైలులో ఒక పంక్తి చేర్చవలసి యుండెను. 2021 నవంబరులో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ వ్యవస్థ నుండి ఆ పంక్తి ముందే వ్రాయబడి వచ్చుచున్నది.

డ్రైవరు కోడు లినక్స్‌లో చేరుటవలన కలిగిన లాభమేమి? కెర్నెల్ లోపలి ఏర్పాట్లు మారకుండునని దాని కర్తలు మాట ఇయ్యరు. అవసరమైనపుడు వానిని మార్చి, తమ చెంత కోడు గల డ్రైవర్లను తామే దిద్దెదరు. మూసిన కెర్నెల్ డ్రైవరు కట్టుగొయ్యకు కట్టిన పశువు వంటిది. ఏ కెర్నెల్ కొరకు తయారైనదో దానిని విడిచి పోజాలదు. భద్రతా లోపములను సవరించిన క్రొత్త కెర్నెల్ వచ్చి, నిర్మాత డ్రైవరును సవరింపనపుడు, అట్టి బోర్డు గలవారు బొమ్మనైన వదులుకొనవలెను, లోపమునైన భరింపవలెను. ఆర్మ్ సంస్థ మాలీ గ్రాఫిక్స్ గల బోర్డుల విషయమున చేతిపుస్తకము లేకపోగా, యంత్రమునకు పోవు ఆజ్ఞలను పరిశీలించి లైమా, పాన్‌ఫ్రాస్ట్ అను డ్రైవర్లను బయటివారు వ్రాసిరి. అవి 2019లో లినక్స్ 5.2లో చేరినవి. వారి శ్రమ మెచ్చదగినది. కాని ఒక పుస్తకము ప్రకటించినచో చాలవరకు తీరెడు శ్రమ అది.

రాస్ప్‌బెర్రీ పై కూడ ఇంకను నిండుగ తెరచిన యంత్రము కాదు. దానిని మేల్కొలుపు తొలి ప్రోగ్రాము సోర్సు కోడు వెలువడలేదు. అయినను 2012లో కొన్న బోర్డునకు దశాబ్ది గడచిన పిమ్మట వచ్చిన లినక్స్‌లోను డ్రైవరు దొరకుచుండుట చిన్న విషయము కాదు. బీరువా నిండ క్రొత్త యంత్రములను ఏటేట కొనజాలని పాఠశాలకు ఈ సంగతి మరింత ముఖ్యము.

కావున బోర్డును ఎన్నుకొను ఉపాధ్యాయుడు వేగమును, వెలను మాత్రమే చూచుట చాలదు. దాని డ్రైవరు నిర్మాత పంపిన మూటలో నున్నదా, లినక్స్ కోడులోనే యున్నదా యని విచారింపవలెను. పై తరగతి విద్యార్థి ఆ కోడును తెరచి చూచినపుడు మొదట ఏమియు అర్థము కాకపోవచ్చును. అర్థము చేసికొను అవకాశము అతని కుండుట ముఖ్యము.