ఆ నూనె సంగతేమయింది?

గూఢచారి అంటే ఎలా వుంటాడో నాకు పదమూడో ఏటనే తెలుసు. బెజవాడలో మా వీధి మలుపున అద్దె పుస్తకాల కొట్టు వుండేది. అక్కణ్ణించి తెచ్చుకున్న మధుబాబు గారి షాడో నవలల్ని లెక్కల పుస్తకంలో దాచి చదివినదాన్ని నేను. మీలోనూ చాలామంది చదివే వుంటారు, నవ్వకండి! గూఢచారి గోడలు దూకుతాడు. నాలుగైదు భాషలు మాట్లాడతాడు. అన్నం మాత్రం ఎప్పుడు తింటాడో తెలీదు.

పెద్దయి నేనే ఒక సీరియల్ రాసినప్పుడు, అలాంటివాడికే నల్లకళ్ళద్దాలు పెట్టి వదిలాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఏమీ అననిది మా బాబాయి ఒక్కడే.

బాబాయి సైన్యంలో ఇంటెలిజెన్స్ విభాగంలో పనిచేసి రిటైరయి, గుడివాడ దగ్గర మా వూళ్ళో కాలవగట్టు ఇంటికి వచ్చేశాడు. ఏం పని చేశావని అడిగితే "కాగితాలు చదివేవాణ్ణమ్మాయ్" అనేవాడు. "తుపాకి పట్టింది లేదు, యుద్ధం చేసింది లేదు. మీ బాబాయి కాగితాలు చదివే పెన్షను సంపాదించాడు" అని పిన్ని అంటే అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

2017లో 'ఘాజీ' సినిమా వచ్చినప్పుడు వాళ్ళిద్దర్నీ బెజవాడ తీసుకొచ్చి చూపించాను. సంకల్ప్ రెడ్డికి అది మొదటి సినిమా. మొదటిదానికే డ్యూయెట్లు లేకుండా, నీళ్ళ అడుగున ఇనప గొట్టంలో బిగించిన మనుషుల్ని రెండు గంటలపాటు చూపించడానికి ధైర్యం కావాలి. రానా, కే కే మీనన్ ఒకరినొకరు సహించలేకపోవడం, చివరికి గౌరవించుకోవడం చక్కగా కుదిరాయి. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. పిన్ని అయితే కుర్చీ చెయ్యి వదల్లేదు.

ఇంటికి వచ్చి మజ్జిగ తాగుతూ బాబాయి అన్నాడు: "బాగుంది. కానీ ఆ నూనె సంగతేమయింది?"

ఏ నూనె అని అడిగాం. అప్పుడు చెప్పాడు.

1971లో తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన తన పుస్తకంలో రాసిన సంగతి ఇది. చిట్టగాంగు నౌకాదళం వాళ్ళకి వెళ్ళిన ఒక సందేశం మనవాళ్ళ చేతికి చిక్కింది. అందులో యుద్ధం మాటే లేదు, ఒక రకం కందెన నూనె గురించి వాకబు మాత్రం వుంది. ఆ నూనె జలాంతర్గాములకీ, సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడలకీ తప్ప వాడరు. దాంతో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి వస్తోందని గ్రహించారు. సినిమాలో రహస్య సందేశం దొరకడం తొలి సన్నివేశాల్లోనే తేలిపోతుంది. ఏ నూనె ఏ యంత్రానికో తెలిసినవాడు ఆ కాగితం దగ్గర ఆగి ఆలోచించిన ఆ ఒక్క గడియ ఎక్కడా కనబడదు.

సినిమాలో మన జలాంతర్గామి ఘాజీని ముంచుతుంది. నిజానికి 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట మునిగిన ఘాజీని ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్ళూ, లోపలి పేలుడు వల్ల పోయిందని వాళ్ళూ అంటారు. కథకుడికి మార్చుకునే స్వేచ్ఛ వుంది. ఆ స్వేచ్ఛ మీద బతికేదాన్ని, దానికి నేను పేచీ పెట్టను. నా పేచీ ఆ కాగితం గురించే. 1966లో కృష్ణ గారి 'గూఢచారి 116' నుంచి 2018లో అడివి శేష్ 'గూఢచారి' దాకా మన గూఢచారి పరుగెత్తుతూనే వున్నాడు. కూచుని చదివేవాడు తెర మీదికి రాడు. కూచుని చదవడంలో నాటకీయత ఏముందంటారా?

పక్కింటావిడ ఓ రోజు రెండు లీటర్ల పాలు ఎక్కువ వేయించుకుంటే, చుట్టాలొస్తున్నారని మనం కనిపెట్టమూ? కృష్ణన్ గారు సరిగ్గా దీన్నే వాడుకున్నారు. విక్రాంత్‌ని అండమాన్ల వైపు దాచేసి, విశాఖలో కాంట్రాక్టర్లకి పెద్ద ఎత్తున మాంసం, కూరగాయలు పురమాయించారు. ఆ నౌకలో వున్న నావికుడెవరో తల్లి జబ్బు గురించి ఆరా తీస్తున్నట్టు ఒక తంతి సృష్టించారు. బజారులో మాట అవతలికి చేరుతుందని ఆయనకి తెలుసు.

"అవతల కూడా నాలాంటివాడు ఒకడు కాగితాల ముందు కూచునే వుంటాడు" అన్నాడు బాబాయి. "కూరగాయలు కలిశాయి, తంతి కలిసింది. విక్రాంత్ విశాఖలోనే వుందని రాసేసి వుంటాడు. అన్నీ అంత చక్కగా కలిసినప్పుడే అనుమానించాలమ్మాయ్. పాలు ఎక్కువ పోయించుకున్నారంటే చుట్టాలు రావచ్చు, పొద్దుటి పాలు విరిగిపోయి వుండవచ్చు. రెండూ రాయాలి. పైవాళ్ళకి ఒకటే జవాబు కావాలి."

ఘాజీతోపాటు తొంభైమందికి పైగా పోయారు. వాళ్ళకీ తల్లులుంటారు. సినిమాలో అవతలి కెప్టెన్‌ని ఉత్త క్రూరుడిగా చూపించడం వల్ల మనకి వాళ్ళు గుర్తుకు రారు. తల్లి జబ్బు మాటని ఎర వేసి గెలిచిన గెలుపు అది. గెలవాల్సిందే, కాదనను. కానీ ఆ బరువు సినిమాలో లేదు.

పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడి గురించి రాబర్టా వోల్‌స్టెటర్ అనే ఆవిడ 1962లో ఒక పుస్తకం వేసింది. సూచనలన్నీ ముందే వున్నాయి, అక్కరలేని సద్దులో అవి కలిసిపోయాయి అంటుందావిడ. అంత రొదలో అసలు మాటని విడదీసి వినడమే ఆ కుర్చీలో మనిషి పని.

"మరి నువ్వు రాసినవి నిజమయ్యాయా బాబాయ్?" అన్నాను.

చాలాసేపు గ్లాసు వంక చూశాడు. "ఎవరూ చెప్పలేదమ్మా. కాగితం పైకి పోతుంది, తిరిగి రాదు. ముప్ఫయ్యేళ్ళలో ఏది నిజమయిందో, ఏది తప్పయిందో, తప్పయినదానికి ఎవరు పోయారో, నాకు తెలీదు."

పిన్ని ఏదో అనబోయి మానేసింది. ఇన్నేళ్ళూ ఆవిడ హాస్యమాడిన ఆ కాగితాలతో ఈయన రాత్రుళ్ళు ఎలా నిద్రపోయాడా అని నాకు అప్పుడు తోచింది. నేను నవ్విన నవ్వు కూడా గుర్తుకొచ్చింది. నల్లకళ్ళద్దాల సీరియల్‌ని పుస్తకంగా వేస్తామంటే ఇవ్వలేకపోయాను. అది ఇప్పటికీ బీరువాలోనే వుంది. ఆ కుర్చీలో మనిషి గురించి రాయాలని ఎన్నోసార్లు కూచున్నాను. గోడలు దూకించడం ఎంత సులువో అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని కాఫీ తెచ్చి బాబాయి ముందు పెట్టింది. "ఇవాళ పాల పాకెట్లు మూడు తెప్పించాను. ఎందుకో చెప్పండి చూద్దాం" అంది.

బాబాయి కళ్ళజోడు సవరించుకుని, "రెండు కారణాలు వుండవచ్చు" అన్నాడు.