క్యారేజీలో ఎర్ర బిళ్ల

శనివారం పొద్దున ఏడింటికి ఆఫీసు టవరు బేస్‌మెంటులో పురుగు కూడా కనపడదు. పంపు రూము తలుపు తీయగానే డీజిలు వాసన, తడిసిన సిమెంటు వాసన కలిసి మొహాన కొడతాయి. గోడవారగా ఎర్ర రంగేసిన ఫైర్ పంపులు మూడు. చిన్నది జాకీ, పెద్దది కరెంటుది, దాని పక్కన డీజిలుది. హైదరాబాద్‌లో ఇరవై అంతస్తుల ఆఫీసు బిల్డింగు అది. అక్కడ పద్దెనిమిదేళ్లు వారం వారం నేను చేసిన పని ఒకటే: టెస్టు వాల్వు కొద్దిగా తిప్పి, గేజీలో ముల్లు కేసి చూస్తూ నిలబడడం.

పద్నాలుగు కేజీల ప్రెషర్ దగ్గరున్న ముల్లు పదమూడుకు దిగగానే జాకీ అందుకుంటుంది. ఇంకాస్త తిప్పితే పన్నెండు దగ్గర మెయిన్ పంపు లేస్తుంది. అది లేవకపోతే పదకొండు దగ్గర డీజిలు ఇంజను. ముల్లు మళ్లీ పైకి చేరాక జాకీ తనంతట తనే ఆగిపోతుంది. మెయిన్ పంపు ఆగదు. మనిషి వెళ్లి బటన్ నొక్కాలి. మంట ఆరిందని చెప్పే పెత్తనం గేజీకి ఇవ్వలేదన్నమాట. ఈ పనిలో నాకు బాగా నచ్చిన సంగతి అదే.

పద్నాలుగు కేజీలు ఎందుకంటే, నీళ్లు పది మీటర్లు ఎక్కితే దాదాపు ఒక కేజీ ప్రెషర్ కరిగిపోతుంది. బేస్‌మెంటు నుంచి ఇరవయ్యో అంతస్తుకు వెళ్లేసరికి ఎక్కినందుకే తొమ్మిది కేజీలు ఖర్చు. పైన మిగిలేది ఐదు. కానీ పైవాళ్లకు సరిపడా తోస్తే, కింది అంతస్తుల్లో గొట్టం పట్టుకున్న మనిషిని అది విసిరి కొడుతుంది. అందుకని కింద ప్రెషర్ తగ్గించే ఏర్పాటు చేస్తారు. ఎంత తగ్గించాలన్న లెక్క తప్పితే ఏమవుతుందో ట్రైనింగులో మాకు ఒక కథ చెప్పారు. కథ కాదు, జరిగిందే.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం. వన్ మెరిడియన్ ప్లాజా, 38 అంతస్తులు. 1991 ఫిబ్రవరి 23, శనివారం రాత్రి. చెక్కపనికి మెరుగు పెట్టినవాళ్లు 22వ అంతస్తులో వదిలేసిన అవిసె నూనె గుడ్డలు తమంతట తామే వేడెక్కి అంటుకున్నాయి. మెయిన్ కరెంటు, దానికి బదులుగా పెట్టుకున్న రెండో లైను, రెండూ ఒకే షాఫ్టులోంచి పోతున్నాయి. రెండూ ఒకేసారి పోయాయి. జనరేటరు పని చేయలేదు. లిఫ్టులు ఆగిపోయాయి. ఫైర్‌వాళ్లు సిలిండర్లు, గొట్టాలు మోసుకుంటూ చీకట్లో మెట్లెక్కారు. తీరా పైన వాల్వుకు గొట్టం తగిలిస్తే, వాళ్ల నాజిల్‌కు కావలసిన దానికంటే ప్రెషర్ చాలా తక్కువ వచ్చింది. ప్రెషర్ తగ్గించే ఆ వాల్వులను తప్పు లెక్కకు బిగించి ఉంచారు.

మెట్లదారిలో పొగ వదిలించడానికి పైకెళ్లిన ముగ్గురు ఫైర్‌వాళ్లు దారి తప్పారు. 30వ అంతస్తులో ఉన్నామని రేడియోలో చెప్పారు. వాళ్ల శవాలు దొరికింది 28లో. మొత్తం 19 గంటలు మండిన ఆ మంటను చివరికి ఆపింది 30వ అంతస్తు. అక్కడ అద్దెకున్నవాళ్లు తమ అంతస్తు వరకు స్ప్రింక్లర్లు బిగించుకున్నారు. తెరుచుకున్నవి పది. సినిమాల్లో చూపించినట్టు అన్నీ ఒకేసారి కురవవు. సీలింగులో కనపడే ఆ చిన్న ఎర్ర గాజు బుడ్డి 68 డిగ్రీలకు పగులుతుంది. ఏది పగిలితే దాని కిందే నీళ్లు పడతాయి.

ఇది విన్నాక నేను చేసిన మొదటి పని, మెట్లదారిలో ప్రతి అంతస్తు నంబరూ మోకాలి ఎత్తులో మళ్లీ రాయించడం. అప్పటిదాకా నంబర్లు తలుపుల పైన ఉండేవి. పొగ ముందుగా మింగేది ఆ చోటునే. తర్వాత మెట్లదారి తలుపుల మీద పడ్డాను. సిగరెట్‌కు వెళ్లేవాళ్లు తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టేది ఏమిటనుకున్నారు? మంటలార్పే సిలిండరే! పొగ రాకుండా మెట్లదారిలోకి గాలి తోసే ఫ్యాన్లుంటాయి. అవి ఎంత తోసినా, రెండు మూడు తలుపులు బార్లా తెరిచి ఉంటే ఆ గాలి అటే పోతుంది.

ఫైర్ ఇంజనువాళ్లు వెంట తెచ్చుకునేది గొట్టం, నాజిల్, ఊపిరి సిలిండరు. అంత ఎత్తున నీళ్లు, దారి, లిఫ్టు, వెలుతురు అన్నీ బిల్డింగే ఇవ్వాలి. అంటే మాలాంటివాళ్లు ఇవ్వాలి.

అలా అనుకున్న నేనే ఒకసారి ఇవ్వలేకపోయాను. సంక్రాంతి ముందు రోజులు. ఏడో అంతస్తులో క్యాబిన్లు మారుస్తున్నారని ఆ అంతస్తు స్ప్రింక్లర్ వాల్వు మూసి, పైపు ఖాళీ చేశాను. సాయంత్రం ఊరి బస్సు హడావుడి. వాల్వు తెరవడం మర్చిపోయాను. మూతపడితే ప్యానెల్‌లో చూపించే స్విచ్చు అప్పట్లో దానికి లేదు. పండగ చేసుకొచ్చి ఐదో రోజున ఆ పైపు చివరి కుళాయి తిప్పితే గాలి బుస్సుమంది, నీళ్లు రాలేదు. 1988లో లాస్ ఏంజెలెస్‌లో 62 అంతస్తుల బ్యాంకు టవరు అంటుకున్నప్పుడు కూడా అంతే. స్ప్రింక్లర్లు దాదాపు బిగించేశారు, వాల్వులు మూసే ఉన్నాయి.

మా ఫోర్‌మన్ బాబాయ్ తిట్టలేదు. రేకు ముక్కలు రెండు కోసి ఎర్ర రంగేశాడు. ఒకటి మూసిన వాల్వుకు కట్టమన్నాడు, రెండోది నా అన్నం క్యారేజీలో పడేశాడు.

“గుర్తు బుర్రలో పెట్టుకోకు అబ్బాయ్, అన్నంలో పెట్టుకో. అది మర్చిపోవుగా.”

వాల్వు మూసినప్పుడల్లా రెండో బిళ్ల క్యారేజీలోకి వెళ్లేది, అన్నం వేళకు గుర్తు చేసేది. ఏళ్ల తరబడి అది తప్పలేదు. ఒక్క రోజు తప్ప. ఆ రోజు ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని బిర్యానీ పెట్టారు, క్యారేజీ తెరవలేదు. రాత్రి ఇంట్లో మా ఆవిడ గిన్నెలు విప్పుతూ పెట్టిన కూర పెట్టినట్టే ఉందని సణుగుతోంది. ఉన్నట్టుండి సణుగుడు ఆగింది.

“ఏవండీ, బిళ్ల ఇంటికొచ్చింది.”

చొక్కా తొడుక్కుని బండి తీశాను. పదకొండో అంతస్తు వాల్వు మూసే ఉంది. చక్రం తిప్పుతుంటే ఖాళీ పైపులోకి నీళ్లు గడగడా పారుతున్న చప్పుడు, కింద బేస్‌మెంటులో జాకీ లేచి ఉంటుంది. ఆ చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడి, వాల్వుకు కట్టిన బిళ్ల విప్పి జేబులో వేసుకున్నాను.