విప్పుట అను విద్య

ముడి వేయుటను నేర్పుగా గౌరవించి, విప్పుటను ఎవరైనను చేయదగిన పనిగా తలచుట లోకమునకు పరిపాటి. కాని హిందూపురపు పట్టుగూళ్ల మార్కెట్టునుండి ధర్మవరపు మగ్గముల వరకు పట్టుపోగు వెంట నడచినవారికి, నేయుటకు ముందు విప్పుట యను మహావిద్య యొకటి కలదని స్పష్టమగును.

మనము మూటను విప్పుదుము, కొప్పును విప్పుదుము, కాడినుండి ఎద్దులను విప్పుదుము. నెమలి పురి విప్పును, పాము పడగ విప్పును, చిరకాలము మౌనము వహించినవాడు నోరు విప్పును. మా సీమ పల్లెలలో ‘ఇప్పు’ అని పలుకు ఈ క్రియకు ఇన్ని ప్రయోగములందును ఒకటే ధర్మము: విప్పినది చెడదు. తెంపిన త్రాడు రెండగును. విప్పిన త్రాడు త్రాడుగనే మిగులును.

పట్టు విషయమున ఈ భేదమే ప్రాణము. పెనుకొండ ప్రాంతపు రైతు మల్బరీ ఆకు మేపి, తాను జ్వరములని పిలుచు నాలుగు కుబుసములను దాటించిన పట్టుపురుగు, చంద్రిక యను అల్లికతట్టపై రెండు మూడు దినములలో ఒకే పోగును తనచుట్టు చుట్టుకొని, సెరిసిన్ అను జిగురుతో బిగించి గూడు కట్టుకొనును. మేలైన బైవోల్టిన్ జాతి గూటిలో ఆ పోగు ఇంచుమించు 1000 మీటర్లుండును. రెక్కలపురుగు గూటిని ఛేదించుకొని వెలువడినచో పోగు తునకలగును గనుక, ముందే గూళ్లను వేడికి గురిచేసి లోపలి ప్రాణిని చంపుదురు. ఈ కఠినసత్యమును దాచి పట్టును పొగడుట నాకు సమ్మతము కాదు.

పిదప మరుగునీట జిగురు మెత్తబడగా, పైనున్న చిందరవందర పీచును తొలగించి, అసలు కొసను పట్టి, కొన్ని గూళ్ల కొసలను జతపరచి రాట్నమున కెక్కింతురు. తొందరపడి లాగిన పోగు తెగును. ఒక గూడు అయిపోయిన తోడనే మరియొక గూటి కొసను అందింపకున్న దారము సన్నగిల్లును. నిరంతరము వేడినీట నాని ముడుతలు పడిన వ్రేళ్లు కంటికి ఆననంత సన్నని ఆ కొసను తడవి పట్టుకొనుట చూచినప్పుడెల్ల నాకు భక్తివంటి భావము కలుగును. ధర్మవరమున మరల సబ్బునీట ఉడికించి, శేషించిన జిగురును వదల్చిన పిమ్మటనే పట్టునకు మెరుపు వచ్చును, రంగు నిలుచును.

చీర కొనువారు జరీ అంచును, నేతగాని హస్తకౌశలమును ప్రశంసింతురు, అది న్యాయమే. అయితే ఆ కీర్తిలోను, కూలిలోను, గూడు విప్పిన చేతులకు తగిన భాగము దక్కవలెను. ఒకనిని నేర్పరియని మెచ్చునపుడు, వాడేమి నిర్మించెనని మాత్రమే కాక, దేనిని చెడకుండ విప్పగలిగెనని కూడ మనము అడుగుట అలవరచుకొనవలెను.