కాటా దగ్గర నలుగురు

అరకు శుక్రవారం సంతలో సరుకు ధర మైదానంలోనే తేలుతుందని మనం అనుకుంటాం. చాలాసార్లు అది ఊరి బయట మలుపు దగ్గరే తేలిపోతుంది. చీకటితోనే గూడెంలో బయల్దేరి, తలమీద బుట్టతో కొండ దిగి వచ్చే మనిషికి అక్కడ షావుకారి మనుషులు ఎదురవుతారు. బుట్ట మీద ఒకడి చెయ్యి పడిందంటే ఇక రెండోవాడు బేరానికి రాడు. సంత కళ్లబడకముందే చింతపండు చేతులు మారిపోతుంది.

అలాంటి మలుపులో ఈమధ్య ఒక నడివయసు ఆడమనిషిని చూశాను. కొనేవాడు ఆమె బుట్టను ఒంటిచేత్తో కాస్త పైకెత్తి బరువు ఇంత అని చెప్పేశాడు. ఆమె బుట్ట వెనక్కి లాక్కుంది. "సేత్తో ఎత్తి సెప్పకు బావూ, కాటా మీద ఎట్టు" అంది. ఆమె వెనకాల అదే గూడెం వాళ్లు ఇంకో నలుగురు బుట్టలు దించుకుని నిలబడ్డారు. అతను ఇంకేం అనలేదు. అయిదు బుట్టలూ మైదానం దాకా నడిచివెళ్లి కాటా ఎక్కాయి. ఒంటరిగా వచ్చి ఉంటే ఆమె అంత గట్టిగా లాక్కోగలిగేదా అని నాకు అనుమానమే.

పట్నాల్లో వర్తక సంఘాలకు ఆఫీసు, బోర్డు, అధ్యక్ష కార్యదర్శులు ఉంటారు. కొండ మీద చిన్న వ్యాపారికి సంఘమంటే మొదట కావలసింది కాటా దగ్గర పక్కన నిలబడే ఆ నలుగురు. మిగతావన్నీ తర్వాతే.

కొలత మోసం ఇక్కడ ఇవాళ పుట్టింది కాదు. కాటాలు రాకముందు సోల, అడ్డ, కుంచాలతోనే బేరం నడిచేది. కొనేటప్పుడు గుట్టగా పోసి కొలుచుకోవడం, అమ్మేటప్పుడు అంచుకు సమంగా గీసి ఇవ్వడం. ఒకే కుంచం రెండు కొలతలయ్యేది. దానికి తోడు అరువు. వానాకాలంలో ఉప్పు, ఎండుచేపలు, బట్ట అప్పుగా ఇచ్చి, ఫలసాయం చేతికొచ్చాక తాను చెప్పిన ధరకే జమ కట్టుకునేవాడు షావుకారు. అప్పున్నవాడు బుట్టను వెనక్కి లాక్కోలేడు. సంత నిండా కొనేవాళ్లున్నా అతనికి ఒక్కడే.

ఆ ముడి విప్పడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఏజెన్సీలో అందరూ జీసీసీ అనే అంటారు. ఒక చేత్తో చింతపండు, తేనె, కరక్కాయ, కుంకుళ్లు, కొండచీపుర్లు కొనడం, రెండో చేత్తో డీఆర్ (గృహావసరాల) డిపోల్లో బియ్యం, ఉప్పు, పప్పు సరైన తూకానికి అమ్మడం దాని పని. ఇలాంటి కొట్టు ఆలోచన కొత్తదేం కాదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ ఊళ్లో 28 మంది, ఎక్కువగా నేతపనివాళ్లు, తలా ఒక పౌను వేసుకుని పిండి, వెన్న, చక్కెర అమ్మే చిన్న కొట్టు తెరిచారు. కల్తీ లేని సరుకు, నిఖార్సయిన తూకం వాళ్ల మొదటి నియమాల్లో ఒకటి. డీఆర్ డిపో ఆ కొట్టుకు దూరపు చుట్టమే. తేడా ఒకటుంది. రోచ్‌డేల్ కొట్టు పెట్టుకున్నది కొనుక్కునేవాళ్లే, లెక్కలు అడిగిందీ వాళ్లే. ఇక్కడ సంస్థను ప్రభుత్వం పెట్టింది, ధరల పట్టిక పైనుంచి వస్తుంది. జీసీసీ లేకపోతే కొండ మీద షావుకారుకు అడ్డే ఉండేది కాదు, ఆ మాట నేను గట్టిగానే అంటాను. కానీ డిపో ఎంత బాగా నడిచినా సంఘం కాదు.

సంఘం ఏం చేయగలదో కాఫీ చూపించింది. పండు కోసిన రోజే తొక్క తీసే పల్పింగ్ చేయకపోతే పులిసిపోయి రుచి చెడుతుంది. ఒక కిలో గింజకు అయిదారు కిలోల పండు కావాలి. ఎకరం రెండెకరాల రైతు యంత్రం, నీళ్లు, ఆరబెట్టే కళ్లం అన్నీ ఒక్కడే సమకూర్చుకోవడం అయ్యే పని కాదు. అందుకే నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఇక్కడి చిన్న, సన్నకారు గిరిజన రైతులు పరస్పర సహాయ సహకార సంఘం కట్టుకున్నారు. 2017లో ఆ కాఫీ అమ్మే దుకాణం అరకు పేరుతో ప్యారిస్‌లో తెరుచుకుంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది.

మరి రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాల్చే అమ్మాయికి, కాఫీ పొడి పొట్లాలు, తేనె సీసాలు పెట్టుకుని కూర్చున్న అవ్వకి ఏ సంఘం ఉంది? చలికాలం పర్యాటకులు దిగగానే పక్కపక్క కొట్లవాళ్లే ఒకరి ధర ఒకరు కోసుకుంటారు. సీజన్ అయ్యాక పొదుపు సంఘం అప్పుతో వేసవి గడపాలి. 2018లో వచ్చిన వన్‌ధన్ పథకం 20 మంది చొప్పున 15 పొదుపు బృందాలను కలిపి 300 మందితో ఒక కేంద్రం చేయమంటుంది. అది సరుకు శుభ్రం చేసి ప్యాక్ చేసే దాకా పనికొస్తుంది. కొట్టు నడిపేవాళ్ల గొడవలు వేరు. జాగా ఎవరిది, పక్కన పెద్ద రెస్టారెంటు లేస్తే ఎవరితో మాట్లాడాలి, కట్టెలకూ బొంగులకూ కలిసి బేరమాడేదెవరు?

జాగా విషయంలో చట్టం మనం అనుకునేదానికంటే ముందుంది. ఏజెన్సీ భూముల బదిలీని అదుపు చేసే 1/70 చట్టం ప్రకారం అక్కడి స్థిరాస్తి గిరిజనుడికైనా బదిలీ కావాలి, లేదా సభ్యులంతా గిరిజనులే అయిన సహకార సంఘానికైనా. ఆ రెండో మాటను మనవాళ్లు దాదాపుగా వాడుకోలేదు. పేరు గిరిజనుడిది, గల్లాపెట్టె మైదానంవాడిది అయిన కొట్ల సంగతి ఏజెన్సీలో అందరికీ తెలుసు. పేరు అరువిచ్చే ఒక్క మనిషిని లొంగదీయడం తేలిక. సంఘం పేరు మీద ఉన్న జాగా అరువివ్వాలంటే సభ్యులందరూ తలూపాలి.

సంతకూ అలాంటి దారే ఉంది. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణ అధికారం గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలంటుంది. గిరిజనులకు అప్పులిచ్చే వ్యాపారం మీద అదుపు కూడా వాళ్లకే. సంతలో అమ్ముకునేవాళ్లు ఒక సంఘంగా ఏర్పడి గ్రామసభలో అడగాల్సినవి ఇవి: ఆశీలు ఎంత వసూలైందో లెక్క బయట పెట్టాలి. ఆ డబ్బుతో సంత నడిమధ్య ఒక ప్లాట్‌ఫారం కాటా పెట్టించాలి, ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టాలి, వానకు తడవకుండా రేకుల షెడ్డు వేయాలి. ఊరి బయట మలుపు దగ్గర కొనుగోళ్లు చెల్లవని తీర్మానం చేసి, సంతరోజు పొద్దున్నే సంఘం మనుషులు ఇద్దరు అక్కడ నిలబడాలి.