సొట్ట బిందెను తూకానికి వేయకండి

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ గల్లీల్లో తిరిగే పాత సామాన్ల బండికి ఇత్తడి అంటే కిలోల లెక్కే. విజయవాడ హైవే వెంట పెరిగిన ఈ కాలనీల్లో నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల వెంట వచ్చిన గంగాళాలు, గుండిగలు, బిందెలు ముందు అటకెక్కాయి. ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చాక అటక కూడా పోయి, బండెక్కుతున్నాయి. సొట్టలు పడ్డాయి, మాట్లు పడ్డాయి, ఇంకెందుకంటారు. నాకైతే పాత ఇత్తడి అందమంతా ఆ సొట్టల్లో, మాట్లలోనే ఉందనిపిస్తుంది.

చేత్తో చేసిన పాత బిందెను వెలుతురులో తిప్పి చూడండి. చాలావాటికి నడుము చుట్టూ వంకరటింకర గీత ఒకటి కనిపిస్తుంది. పై సగం, కింది సగం విడిగా సాగగొట్టి, అంచులు రంపపు పళ్లలా కత్తిరించి, ఒకదాన్లో ఒకటి కూర్చి, వెలిగారం వేసి కాల్చి అతికిన చోటు అది. మెడ మీద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు, ఊరు, తేదీ. కొన్నవాళ్లు పాలిష్ పేరుతో వాటిని అరగదీయిస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఒకరి పెళ్లి బిందెలో ఇంకొకరు నీళ్లు పట్టుకుంటే తప్పేముంది?

చిల్లి పడితే మాటు వేస్తారు. జపాన్‌లో పగిలిన పింగాణీని చెట్టు పాలతో అతికి, అతుకు మీద బంగారు పొడి అద్దుతారని అందరూ మెచ్చుకుంటాం. మన మాటుకు బంగారం లేదు, కానీ దాపరికమూ లేదు. ఒకటే జాగ్రత్త: సీసం కలిసిన టంకంతో మాటు పడ్డ గిన్నెలో వండకూడదు, తాగునీళ్లు నిలవ పెట్టకూడదు. అలాంటిది పూలకుండీకి పనికొస్తుంది.

వండాలంటే గిన్నె లోపల కళాయి పూత ఉండాలి. ఉత్త ఇత్తడికి పులుపు తగిలితే రాగి పులుసులోకి దిగుతుంది, చిలుము పడుతుంది. పాత్రను శుభ్రంగా తోమి, బొగ్గుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లుతారు. గుప్పున తెల్లటి పొగ లేచి, లోపలి మకిలి విడుస్తుంది. వెంటనే తగరం కడ్డీ తాకిస్తారు. 232 డిగ్రీలకే కరిగే లోహం కాబట్టి అది నీరై జారుతుంది. చల్లారేలోపు దూదితో గిరగిరా తుడిస్తే పసుపుపచ్చటి గిన్నె లోపలంతా తెల్లగా మెరుస్తుంది. సెగ ఎక్కువైతే తగరం మాడుతుంది, తక్కువైతే పట్టదు. ఇదంతా చేతి అంచనాయే. అందుకే కళాయి పూసేవాళ్లను నేను పనివాళ్లనను, కళాకారులంటాను. తగరంలో సీసం కలపవద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పాలి.

కొనేటప్పుడు నీళ్లు పోసి కాసేపు ఆగండి, సన్నచిల్లులు బయటపడతాయి. కంచయితే వేలితో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే బీట ఉన్నట్టే. కంచు పెళుసు, సాగగొట్టి బాగుచేయడం కష్టం. ఇత్తడి సొట్టను సుత్తితో లేపవచ్చు, కాని నన్నడిగితే కారనంతవరకు వదిలేయమంటాను.

2018 సెప్టెంబరు నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో ఉంది. ఇత్తడి కొనాలనుకుంటే, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి బేగంబజార్‌కు ఆటోలో వెళ్లొచ్చు. గురువారమైతే జుమేరాత్ బజార్ కూడా చూడొచ్చు. ఈ దసరాకు ఇల్లు దులిపేటప్పుడు అటక మీది ఇత్తడిని బండివాడికి చూపించే ముందు, దాని మెడ మీద ఎవరి పేరుందో ఒక్కసారి చదవండి. చదివాక కూడా వద్దనుకుంటే, వాడుకునేవాళ్లకు ఇవ్వండి.